నర్సమ్మగారూ, నా దొంగ టిక్కులూ

మా వీధి నర్సమ్మగారు పోయేరు. మొన్న మంగళవారం పొద్దున్న పాలు కాచుకుంటూ పొయ్యి దగ్గరే కూలబడిపోయేరట. నేను ఎరువుల కొట్లో బిల్లులు రాసే పనికి బయల్దేరుతుంటే పాలు పోసే ఆవిడ వచ్చి చెప్పింది. చేతికర్ర గోడకి ఆనించి అరుగు మీద కూచుండిపోయేను. నిజం చెప్తన్నాను, ముందు ఏడుపు రాలేదు. భయమేసింది. ఇంక ఆవిడకి చెప్పుకోడానికి లేదు గదా అని.

చెప్పుకోవాల్సిందేటో మీకు చెప్తాను. బతికున్న మనిషికి చెప్పలేనోడు ఇప్పుడు మాకు చెప్పడం ఏం గొప్పని మీరనుకుంటే అనుకోండి. నాకు పడాల్సిందే.

మూడేళ్ళ కిందట చెరుకు లారీ ఎక్కి లోడుకి తాడు బిగిస్తా జారి వెల్లకిలా పడ్డాను. వెన్నుకి ఆపరేషన్ చేసేరు. కాళ్ళు మెల్లిమెల్లిగా వచ్చేయి గానీ ఒంటేలు దానంతటది రావడం మానేసింది. విశాఖలో ఆసుపత్రివాళ్ళు, సన్నటి గొట్టం నువ్వే లోపలికి పెట్టుకుని నాలుగైదు గంటలకోసారి తీసుకోవాలని ఒక్కసారి చూపించి, గొట్టాల పేకెట్లూ ఒక కాగితమూ చేతిలో పెట్టి పంపించేరు. చోడవరం వచ్చేక ఆ పేకెట్ విప్పడానికే నాకు భయమేసేది. ఇంట్లో ఉండేది అమ్మా నేనూ. ఇలాంటివి అమ్మకి ఎలా చెప్పుకుంటాం?

అమ్మే వెళ్ళి నర్సమ్మగారిని పిలుచుకొచ్చింది. మాకు నాలుగిళ్ళ అవతల ఉండేవారు. సర్కారాసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యేరు. బీపీ చూపించుకోవాలన్నా, పుండుకి కట్టు మార్పించుకోవాలన్నా వీధంతా ఆవిడ దగ్గరికే వెళ్ళేది. గదిలోకొచ్చి తలుపేసి, "ఏట్రా, సిగ్గా? నేను చూడని మగాడేటి నువ్వు?" అన్నారు. లారీ మీంచి పడ్డాక నేను నవ్వింది అదే మొదలు.

ముందు చేతులు కడిగించేరు. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మళ్ళీ మొదట్నించి. "నువ్వు చాలనుకున్నాక కాదు, నేను చాలన్నాక" అనేవారు. తరవాత ఆ చోటు కూడా సబ్బుతో శుభ్రం చేసుకోవాలి. గొట్టం కొన దేనికైనా తగిలిందా, అది పారేసి కొత్తది తియ్యాల్సిందే. ఒకసారి నా లుంగీకి తగిలింది. ఆవిడ చూళ్ళేదనుకున్నాను. కిటికీలోంచి బయటికి చూస్తానే "పారెయ్" అన్నారు.

"ఆగిపోయిందని చటుక్కున లాగేయకు. కొంచెం కొంచెం వెనక్కి తీసుకో, మళ్ళీ చుక్కలొస్తాయి, ఆగు. తొందరపడ్డావంటే లోపల మిగిలిపోద్ది, ఆ మిగిలిందాంట్లోనే పురుగులు పెరుగుతాయి" అనేవారు. నీళ్ళ దగ్గర మరీ కఠినం. "నీళ్ళు మానేస్తే ఈ గొట్టం బాధ తగ్గుద్దనుకుంటావు. బాధ తగ్గదు, జబ్బు పట్టుకుంటాది. డాక్టరు రాసినన్ని నీళ్ళు రోజంతా సర్దుకుని తాగు." వాసనొచ్చినా, మబ్బుగా ఉన్నా, ఒళ్ళు వెచ్చబడినా వెంటనే డాక్టరు దగ్గరికెళ్ళాలి, సొంతంగా మాత్రలు మింగకూడదు. ఒక నోటుబుక్కులో గళ్ళు గీసి ఇచ్చేరు. తీసుకున్నప్పుడల్లా టైము రాసి, రంగు రాసి, టిక్కు పెట్టాలి. రోజూ సాయంత్రం వచ్చి చూసేవారు.

నేను కాస్త నడక మొదలెట్టేక, వీధిలో కనిపిస్తే బాగున్నావా అని అడిగేవారు కాదు. నాలుగిళ్ళ అవతల్నించే "ఒరే బాబూ, రంగెలాగుంది?" అని కేకేసేవారు. చుట్టూ జనం. నేను తలొంచుకుని "తేటగానే ఉందండి" అనేవాణ్ణి. తెలీనోళ్ళు మా ఇంటికి సున్నాలేయిస్తన్నామనుకునేవారు.

రెండు నెలలు అంతా బాగానే జరిగింది. అప్పుడు కె.కోటపాడులో మా మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. నేను నలుగురిలోకి వెళ్ళడం అదే మొదలు. కర్ర పట్టుకునైనా నడుస్తన్నానని అందరికీ చూపించాలని సరదా. అక్కడ గొట్టాలూ సబ్బూ ఉన్న సంచీ పట్టుకుని బాత్రూమ్‌లో దూరి తలుపేసుకుంటే, లోపల ఏటి చేస్తన్నాడీడు అంటారని బెంగ. మా వైపు ఆడవాళ్ళు ఊరెళ్ళేరోజున పొద్దుట్నించీ నీళ్ళు ముట్టరు. గొంతెండిపోనీ, బస్సు దిగేదాకా చుక్క తాగరు. నేనూ అమ్మలాగే చేసేను. సాయంత్రం నర్సమ్మగారు నోటుబుక్కు అడుగుతారు గదా, అందుకని బయల్దేరే ముందే ఆ రోజు గళ్ళన్నిట్లోనూ టిక్కులు పెట్టేసేను. రంగు దగ్గర 'తేట' అని కూడా రాసేను. ఎంత తెలివో చూడండి!

సాయంత్రం నాలుగయ్యేసరికి పొత్తికడుపు రాయిలాగైపోయింది. పెళ్ళింటి వెనక చెరుకు చేను గట్టుకి వెళ్ళేను. సంచీ తీసుకెళ్ళలేదు. పొద్దున్న వాడిన గొట్టాన్నే రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకొచ్చేను, మళ్ళీ దాన్నే వాడేను. సబ్బు లేదు, నీళ్ళు లేవు. చేతులు ఆ రుమాలుకే తుడుచుకున్నాను. ఎవరో వస్తన్న అలికిడైతే సగంలోనే లాగేసేను. ఆవిడ వద్దన్నవన్నీ ఒక్కపూటలో చేసేను.

మూడోరోజు మధ్యాహ్నం చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడేయి. ఆసుపత్రిలో అయిదురోజులు సూదులు. శుభ్రంగానే చేసుకుంటున్నావా అని డాక్టరు అడిగితే నేను తలూపేను. అమ్మ నోటుబుక్కు తీసి గర్వంగా చూపించింది.

ఇంటికొచ్చేక నర్సమ్మగారు బత్తాయిలు పట్టుకుని చూడ్డానికొచ్చేరు. నా మంచం పక్కన స్టూలు మీద కూచున్నారో లేదో, అమ్మ నోటుబుక్కు తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేసింది.

"సూడండి. మీరు సెప్పినట్టే సేసేడు నా కొడుకు. ఒక్క గడి వదల్లేదు. మరి జొరమెందుకొచ్చింది? మీ సెయ్యే మంచిది కాదు. ఆసుపత్రోళ్ళు సెప్పిందేటో, మీరు నేర్పిందేటో!"

ఆవిడ ఆ పెళ్ళిరోజు పేజీ దగ్గర ఆగేరు. నా వైపు చూసేరు.

"నీళ్ళు తాగేవా?"

"తాగేనండి."

"అన్నిసార్లూ తీసుకున్నావా?"

"తీసుకున్నానండి."

ఆవిడ నోటుబుక్కు మూసి నా తలగడ పక్కన పెట్టేరు. "మందులు చివరిదాకా వాడు. జొరం తగ్గిందని మధ్యలో మానేయకు" అని చెప్పి వెళ్ళిపోయేరు. రెండు తిట్టినా బాగుణ్ణు.

అమ్మ మాట వీధంతా తిరిగింది. ఆవిడ చెయ్యి మునుపట్లాగ లేదంట అన్నారు. కట్లకి వెళ్ళేవాళ్ళు తగ్గిపోయేరు. తరవాత బీపీకి వెళ్ళేవాళ్ళూ తగ్గేరు. ఆవిడ మళ్ళీ మా ఇంటికి రాలేదు. నేనెదురుపడితే నవ్వేవారు, అంతే. రంగు అడగడం మానేసేరు. ఆ కేక కోసం నేనెంత ఎదురుచూసేనో నాకే తెలుసు.

ఇది జరిగి రెండున్నరేళ్ళు దాటింది. ఆవిడ చెప్పిందాంట్లో అప్పట్నించి ఒక్కటీ తప్పలేదు. మళ్ళీ అలాంటి జొరం రాలేదు. ఆవిడ నేర్పింది సరైనదేనని నా ఒళ్ళే సాక్ష్యం చెప్తంది, నోరే చెప్పలేదు. ఒకసారి చెప్పేద్దామని వెళ్ళేను. గోంగూర ఏరుకుంటున్నారు. కూచోమన్నారు. నేనూ రెండు కట్టలు ఏరేను. మాట నోటిదాకా వచ్చింది, తీరా నోరు తెరిచి వానలు లేవండి అన్నాను. సిగ్గులేదూ నాకు! "కర్ర లేకుండా నాలుగడుగులు వేస్తన్నావంట గదా, మంచిదే" అన్నారావిడ.

మొన్న పాడె కడుతుంటే నా వెనక ఎవరో, "మంచి మనిషే. ఆ చెరుకు లారీ కుర్రోడి విషయంలోనే పాపం ఏదో తప్పు జరిగింది" అన్నారు. ఆవిడ మొహం నాకు ఎదురుగా కనిపిస్తానే ఉంది. అప్పుడైనా తిరిగి, తప్పు నాది అనొచ్చు గదా. అన్లేదు. తలొంచుకుని నిలబడ్డాను.

శ్మశానం నించి వచ్చేక, పెరట్లో అమ్మ నా నెత్తిన నీళ్ళు పోస్తంటే చెప్పేసేను. నీళ్ళు తాగలేదని, టిక్కులు ముందే పెట్టేనని, చేను గట్టు మీద ఏటి చేసేనో అంతా. అమ్మ చెంబు బకెట్లో పడేసింది.

"మరి నానన్న మాటలో?" అంది. "అన్నేసి మాటలన్నాను గదరా ఆవిణ్ణి. పక్కనే మంచమ్మీద పడుకుని ఇన్నావు. ఒద్దమ్మా అని ఒక్క మాట అన్లేకపోయేవా?"

నర్సమ్మగారొక్కరికే అన్యాయం చేసేననుకున్నాను ఇన్నాళ్ళూ.

ఆ మాటలన్నప్పట్నించి అమ్మ నర్సమ్మగారింటికి వెళ్ళలేదు. శవాన్ని చూడ్డానికి కూడా వెళ్ళలేదు. ఇప్పుడు చీర మార్చుకుని బయల్దేరింది. నేనూ వస్తానమ్మా అన్నాను.

"నువ్వెందుకు? అన్న నోరు నాది" అంది.

నేను మా అరుగు మీంచే చూస్తన్నాను. నర్సమ్మగారి కూతురు బయటికొచ్చి "రండి పిన్నిగారూ, లోపలికి రండి" అని పిలిచింది. అమ్మ మెట్టెక్కలేదు. చెప్పులు విప్పేసి, మూడు గంటల ఎండకి కాలిపోతన్న సిమెంటు రోడ్డు మీద ఉత్తకాళ్ళతో, ఆ ఇంటివైపు చేతులు జోడించుకుని నిలబడే ఉంది.