కాఫీపొడి రంగు

మా వదిన బ్రౌన్ అనే మాటను ఒప్పుకునేది కాదు. వాళ్ళ నాన్నగారిది బెజవాడలో చీరల కొట్టు. ఆవిడ లెక్కలో ముక్కుపొడి రంగు వేరు, చింతపండు రంగు వేరు, కాఫీపొడి రంగు వేరు. ఎనభైల్లో అన్నయ్య పార్సిప్పనీలో ఇల్లు కొన్నప్పుడు హాలుకి కాఫీపొడి రంగే కావాలంది. అప్పట్లో అమెరికన్ల ఇళ్ళన్నీ అలా చీకటిగానే ఉండేవి కనుక నేను అడ్డు చెప్పలేదు. పెయింటర్ ఎందుకు దండగని బ్రష్ నా చేతికిచ్చారు.

గోడ ఆరాక వదిన వచ్చి, ఒక కన్ను మూసి చూసింది.

"ఇది ముక్కుపొడి నాయనా, కాఫీపొడి కాదు."

వదినని ఎక్కించుకుని మళ్ళీ పెయింట్ షాపుకి డ్రైవ్ చేశాను. షాపతను రంగుల కార్డులు పరిస్తే, ఈవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పొట్లం తీసి, కౌంటర్ మీద కాఫీపొడి పోసి, "మ్యాచ్ దిస్" అంది. అతను నావంక చూశాడు. నేను సీలింగ్ వంక చూశాను.

రెండోసారి వేస్తే మాడిన గింజల్లా ఉందంది. అన్నయ్య పేపర్ అడ్డం పెట్టుకున్నాడు. మూడోసారి వేసేసరికి నా భుజాలు పడిపోయాయి. ఆ హాల్లో పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది.

సాయంత్రం వదిన జాలిపడి కాఫీ కలిపి తెచ్చింది. నేను ఓ గుక్క తాగానో లేదో, ఒక కన్ను మూసింది.

"చికరీ కాస్త ఎక్కువైనట్టుంది నాయనా."

"కాఫీలోనా వదినా?" అన్నాను ఆశగా.

"గోడలో."