టీచరమ్మ తుడిచిన బొట్టు

నా చిన్నప్పుడు స్లైగో అనే తెల్లవాళ్ల దేశపు ఊళ్లో మా బడి మొత్తానికి బొట్టు పెట్టుకునే పిల్లను నేనొక్కదాన్నే. మా నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కొట్టుకు వెళ్లినా నాన్న వెనకే నిలబడేది.

క్రైస్తవుల ఉపవాసాలు మొదలయ్యే ఒక బుధవారం, పిల్లలందరూ చర్చిలో నుదుట బూడిద పెట్టించుకుని బడికి వచ్చారు. ఆ ఒక్కరోజైనా నేనూ అందరిలాగే ఉన్నానని నాకు మహా సంబరమైంది. టీచరమ్మ నన్ను ముందుకు పిలిచి, తడి రుమాలుతో నా బొట్టు తుడిచేసింది. "ఈ రోజు ఇలాంటి వేషాలు వద్దు" అంది. క్లాసంతా నవ్వింది. ఆవిడ నుదుటి మీద బూడిద మాత్రం అలాగే ఉంది.

ఆవిడ కోటు జేబులో సిరా పోసేస్తానని ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. మర్నాడు అమ్మ పట్టుచీర కట్టి, పైన నాన్న వానకోటు తొడుక్కుని నాతో బయలుదేరింది. తిన్నగా క్లాసులోకి నడిచి, కుంకుమ భరిణె టీచరమ్మ బల్ల మీద పెట్టింది. దారి పొడుగునా వల్లించుకున్న ఇంగ్లీషులో, "మీరు తుడిచారు. మీరే పెట్టండి" అంది.

"హెడ్‌మాస్టరుగారితో మాట్లాడండి" అంది టీచరమ్మ. అమ్మ కదల్లేదు. క్లాసంతా చూస్తుండగా ఆవిడ భరిణె తెరిచి నాకు బొట్టు పెట్టింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాకది చాల్లేదు. ఆ తరవాత రోజూ బడి గేటు దగ్గరే బొట్టు చెరిపేసుకుని, కుంకుమ పొట్లం ఆవిడ ముందు పెట్టేదాన్ని. "పోయింది మిస్" అనేదాన్ని. ఆవిడ పెట్టేది. నాలుగో రోజో ఐదో రోజో ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికొచ్చి ఆ సంగతి గొప్పగా చెప్పాను.

అన్నం కలుపుతున్న అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఆవిడ ఒక్కసారి తుడిచింది, ఒక్కసారి పెట్టించాను. ఇప్పుడు రోజూ తుడుస్తున్నదెవరే?" అంది. పొట్లం తీసేసుకుంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి, ఆ దేశంలోనే లూకన్ అనే ఊళ్లో ఉంటున్నాను. మొన్న బస్సులో ఒకతను, మీ దేవుళ్లను తీసుకుని మీ దేశానికి పొమ్మన్నాడు. ఎదురుగా నిలబడి, ఆ మాట అందరికీ వినపడేలా మళ్లీ అనమన్నాను. తల తిప్పుకున్నాడు. ఇంకో నాలుగు అంటించాలని నాలుక దురద పెట్టింది. ఆ కోపం నాలో ఇన్నేళ్లకూ చల్లారలేదు, చల్లారాలని కోరుకోనూ లేదు. ఎక్కడ ఆపాలో మాత్రం అమ్మ నేర్పింది. వెళ్లి నా సీట్లో కూర్చున్నాను.