గవాచి మూసిన నాడు

నిన్న మధ్యాహ్నం నంద్యాలలో మా మేడ మీది నుంచి చేదు పొగ వాసన వంటింట్లోకి దిగింది. మా అబ్బాయి ఫోనులో వీడియోలు చూసి, పాత ఇనప డ్రమ్ములో మాంసానికి పొగ పట్టించడం మొదలుపెట్టాడు. వాడికిదే మొదటిసారి. నేను పైకి వెళ్లేసరికి డ్రమ్ము మూత చుట్టూ తడిగుడ్డ బిగించి ఉంది, సందుల్లోంచి తెల్లటి చిక్కని పొగ కష్టంగా ఊరుతోంది.

"ఏందమ్మా ఇది, నోట్లో పెట్టుకుంటే వేపాకు నమిలినట్టుంది?" అన్నాడు.

కట్టె పచ్చిదని, ముక్కల తేమ ఆరకముందే పొగలో పెట్టాడని, చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. నా నోట్లోంచి మాత్రం ఒకటే మాట వచ్చింది. "పొగ యాడికి పోతాందిరా?" వాడికి అర్థం కాలేదు. గుడ్డ నేనే లాగేసి మూత పక్కకు జరిపాను. 

నా చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మాది మట్టిమిద్దె. వంటింటి కప్పులో, పొయ్యికి సరిగ్గా పైన, పొగ పోవడానికీ వెలుగు రావడానికీ ఒక కంత ఉండేది. దాన్ని గవాచి అనేవాళ్లం. పొద్దున ఆ కంతలోంచి ఎండ కర్రలాగా దిగి పొయ్యి గడ్డ మీద నిలబడేది, దాంట్లో పొగ మెలికలు తిరుగుతూ పైకి పోతుంటే నేను చేయి పెట్టి పట్టుకోబోయేదాన్ని. దసరా పోయిన మర్నాడు మా నాయనమ్మ, మేం జేజి అని పిలిచేవాళ్లం, మిగిలిన పొట్టేలు మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ కారం పట్టించి, పురికొసకు గుచ్చి వాకిట్లో ఎండగట్టేది. కాకులు రాకుండా కట్టె పట్టుకుని కాపలా కాయడం నా పని. ఎండిన ఆ ఒట్టి తునకల్ని నిప్పుల మీద కాల్చి, దంచి, వంకాయతో కూర చేస్తే, వేడి సంగటిలోకి అంతకు మించింది లేదనేవాడు మా నాయన.

ఒక యేడు జేజికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, ఎడమ చేయి ఒక్కటే ఆమెకు మిగిలింది. అమ్మ కాన్పుకని గడివేములలోని పుట్టింటికి వెళ్లింది. చిన్నాయన లారీ మీద ఎక్కడో ఉన్నాడు. ఇల్లంతా మా చిన్నమ్మ సరోజమ్మ చేతిలో పడింది. ఆమె డోన్‌ పిల్ల, కొత్త కోడలు, ఒట్టి తునకలు తినడమే తప్ప చేసి ఎరగదు.

పండగ మర్నాడే ముసురు పట్టుకుంది. నల్లమల వైపు ఆకాశం బొగ్గులాగా మారి అక్కడే ఆగిపోయింది. కాకులు కూడా లేవు. వాన కారుతోందని నాయన మిద్దె ఎక్కి గవాచి మీద నాపరాయి కప్పాడు. పక్కగది ఉరుస్తోందని జేజి మంచాన్ని వంటింటి మూలకు చేర్చారు. తాడు మీది మాంసం జిగట కట్టి, పుల్లని వాసన మొదలైంది. అత్త లేవలేని యేడు మాంసం కుళ్లబెట్టిందని వీధంతా అంటుందని చిన్నమ్మకు భయం పట్టుకుంది. ముసురు యేళ్లలో జేజి తునకల్ని పొయ్యి మీద పొగకు కట్టేదని ఆమె విన్నది. ఎలా కట్టేదో ఎవరూ చూసి పెట్టుకోలేదు.

చిన్నమ్మ తునకల్ని పొయ్యి పైన కట్టి, మొదట మంట పెద్దది చేసింది. కొవ్వు కారి నిప్పు ఎగిసి, ముక్కలు పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయాయి. తర్వాత నాయన పనిచేసే బియ్యం మిల్లు నుంచి తెచ్చిన ఊక నిప్పుల మీద కుమ్మరించింది. మంట అణిగి పొగ లేచింది కానీ, అంతా తలుపులోంచి వాకిట్లోకి పోయింది.

"బయటికి పొయ్యే పొగ తునకలకేం పడతాది?" అని చిన్నమ్మ తలుపు మూసి, కింద సందులో గోనెసంచి కుక్కింది.

మంచం మీద జేజి కదిలింది. ఎడమ చేయి ఎత్తి కప్పు వైపు చూపించింది. దించి, మళ్లీ ఎత్తింది. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది.

"అత్త దేవునికి మొక్కుకుంటాంది పాపా, వాన నిలబడాలని" అంది చిన్నమ్మ, తనూ చేతులు జోడించి.

కాసేపటికి నా తల దిమ్మెక్కింది. కడుపులో తిప్పితే వాకిట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. నా వెనక తలుపు మళ్లీ మూసుకుంది. వసారాలో కూర్చుని అచ్చంగాయలు ఎగరేస్తే ఒక్క రాయీ చేతికి అందడం లేదు. లోపల జేజి చెంబుతో మంచం కోడును కొడుతోంది, నీళ్లు కావాలన్నప్పుడు అలాగే కొట్టేది. చప్పుడు నెమ్మదించింది. ఆగింది. "చిన్నమ్మా" అని పిలిచాను. పలకలేదు. తలుపు నెట్టితే గోనెసంచి అడ్డుపడి రాలేదు. వానలో మిల్లుకు పరుగెత్తాను.

నాయన వచ్చి తలుపు తన్నాడు. పొగ మా కాళ్ల మీదుగా బయటికి పొర్లింది. పొయ్యి పక్కన పడి ఉన్న చిన్నమ్మను ఈడ్చుకొచ్చి వానలో పడుకోబెట్టాడు. మొహం మీద చినుకులు పడుతుంటే కాసేపటికి ఆమె ఒక్కసారి దగ్గి ఊపిరి పీల్చింది. జేజిని మంచంతోనే బయటికి తెచ్చారు. ఎన్నాళ్లుగానో పాలిపోయి ఉన్న ఆమె చెంపలు ఎర్రగా, ఆరోగ్యంగా మెరుస్తున్నాయి. బాగైందనుకుని నేను సంతోషంగా ఒంగి చూశాను. ఊపిరి లేదు.

"మొక్కుకుంటాందనుకుంటి బావా. చేయి పైకెత్తి మొక్కుకుంటాందనుకుంటి" అని చిన్నమ్మ అదే మాట అంటూ ఉంది.

నాయన వంటింట్లోకి వెళ్లి, జేజి మంచం ఉన్న చోట నిలబడి కప్పు వైపు చూశాడు.  బయటికి వచ్చి చిన్నమ్మ పక్కన నేల మీద కూలబడ్డాడు.

"గవాచి చూపిచ్చింది మా యమ్మ. రాయి తీయమనింది. ఆ రాయి పెట్టింది నేను. నీదేం లేదు సరోజమ్మా."

వచ్చినవాళ్లంతా ముసలామె, జబ్బుమనిషి, కాలం తీరిందన్నారు. నాయన ఎవరికీ మరో మాట చెప్పలేదు. జేజిని సాగనంపి వచ్చేదాకా తునకలు పొయ్యి మీద నల్లగా నిగనిగలాడుతూ వేలాడుతూనే ఉన్నాయి. నాయన వాటిని దిబ్బలో పూడ్చాడు. వీధికుక్కలు ఆ చోటుకు వచ్చి వాసన చూసి, తవ్వకుండానే వెళ్లిపోయేవి. చిన్నమ్మ మళ్లీ మాంసం ముట్టలేదు. ఎంత వాన కురిసినా గవాచిని మూయనివ్వలేదు. చినుకులు నిప్పుల మీద పడి చుయ్యిమంటుంటే, కళ్లు తుడుచుకుంటూ అన్నం వండేది.

ఇప్పుడు ఆళ్లగడ్డలో మా వీధిలో మట్టిమిద్దె ఒక్కటీ లేదు. గవాచి అంటే మా పిల్లలకు తెలియదు, ఒట్టి తునకలు పొట్లాల్లో దొరుకుతాయి. నాయన పోయి చాలా యేళ్లయింది. చిన్నమ్మ కొడుకులు స్లాబు ఇల్లు కట్టి, ఆమె గదికి ఏసీ పెట్టించారు. పోయిన నెల చూడ్డానికి వెళ్తే మధ్యాహ్నం ఆమె పక్కనే నడుం వాల్చాను. చల్లగాలి పోతోందని మనవరాలు వచ్చి తలుపు మూసింది. చిన్నమ్మ గోడ పట్టుకుని లేచి, తలుపు తెరిచి, గడప దగ్గర తన చెప్పు అడ్డం పెట్టి వచ్చి పడుకుంది.

"ముసల్దానికి ఇదొక చాదస్తం అత్తా" అంది ఆ పిల్ల నాతో, నవ్వుతూ.

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను లేచి, నా చెప్పు కూడా ఆమె చెప్పు పక్కన అడ్డం పెట్టి వచ్చాను.