చెరువు పక్కన కూర్చోవడం నేర్చుకున్నాను

ఆ రోజు పొద్దున అంగడి మెట్లు దిగుతుంటే నా భార్య రమాదేవి వెనక నుంచి కేక వేసింది.

"ఏమండీ, ఒక చెప్పు ఈడే వదిలేసి యాడికి పోతాండారు?"

చూసుకుంటే నిజమే. ఒక కాలికి చెప్పు లేదు. ఆ సంగతి నా కాలికి తెలియలేదు. అరికాళ్లు రెండూ మొద్దుబారి ఉన్నాయి.

నా పేరు శ్రీనివాసులు. ఆళ్లగడ్డలో మాది కిరాణా అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. యాభై దాటినా షుగర్, బీపీ లేవు. అంతకు రెండు వారాల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ నీరసమే అనుకుని బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ వేయించుకుని అంగట్లో కూర్చున్నాను. మర్నాటికి తిమ్మిరి మోకాళ్ల దాకా ఎక్కింది. ఆ మర్నాడు కుర్చీలోంచి లేవబోతే కాళ్లు నిలబడలేదు. రమ అంగడి మూసేసి, కారు మాట్లాడి నన్ను నంద్యాల తీసుకుపోయింది.

ఆసుపత్రిలో న్యూరాలజిస్ట్ చిన్న సుత్తితో మోకాళ్ల కింద కొట్టి చూశారు. కాలు కదల్లేదు.

"రిఫ్లెక్సెస్ లేవు. జీబీ సిండ్రోమ్ లాగుంది. మీ ఒంట్లోని ఇమ్యూనిటీయే నరాల మీద పడింది. కాళ్ల దగ్గర ఆగితే మంచిదే. ఊపిరి దాకా వస్తే వెంటిలేటర్ పెట్టాల్సి వస్తుంది. తొందరగా వచ్చారు, అదే మేలు" అన్నారు.

నర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు. వెన్నులో సూది గుచ్చి లంబార్ పంక్చర్ చేశారు. ఐసీయూలో ఐవీఐజీ అనే మందు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. నర్సు మాటిమాటికీ వచ్చి, "ఒక్క గుక్కలో ఎంతవరకు అంకెలు చెప్పగలరో చెప్పండి సార్" అనేది. ఊపిరి తగ్గుతోందేమో చూడటానికట. రోజురోజుకీ నా లెక్క చిన్నదైపోయింది. ముఖం కూడా పట్టు తప్పింది. పెదాలు మూతపడక తాగిన నీళ్లు గడ్డం మీదికి కారేవి. కళ్లు మూతపడక, పడుకునేటప్పుడు రెప్పలకు టేపు అంటించేవారు. అదృష్టం కొద్దీ వెంటిలేటర్ దాకా పోకుండానే జబ్బు ఆగింది.

వాకర్ పట్టుకుని ఇంటికి వచ్చాను. వినాయక చవితి దగ్గర పడింది. అంగట్లో గిరాకీ. రమ వద్దంటున్నా వినకుండా కిందికి దిగి, సగం పూట కౌంటర్ దగ్గర నిలబడ్డాను. ఆ సాయంత్రమే స్నానాల గదిలో కుప్పకూలిపోయాను. మళ్లీ ఆసుపత్రి.

"రిలాప్స్ కాదు, జబ్బు తిరగబెట్టలేదు. శక్తికి మించి చేశారు. నరం మీద మైలిన్ అనే పొర మళ్లీ పెరగాలి. దాన్ని మీరు తొందరపెట్టలేరు. మెట్లు లేని ఇంట్లో ఉండండి, రోజూ ఫిజియోథెరపీ చేయించుకోండి" అన్నారు డాక్టర్.

నంద్యాలలో మా అక్క సరోజ ఇల్లు చెరువుకు ఎదురుగానే ఉంటుంది. మధ్యలో ఒక దారి, అంతే. మెట్లు లేవు. దసరా వెళ్లాక అక్కడికి చేరాను. వానలు ఆగిపోయి చెరువు నిండుగా ఉంది. ఎండ చురుకు తగ్గింది. పొద్దున ఫిజియోథెరపిస్ట్ వచ్చిపోయాక, వాకర్ పట్టుకుని దారి దాటి గట్టు మీది సిమెంటు బెంచీ దాకా పోయేవాణ్ని. తోడుగా బావ వచ్చేవాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ.

మొదట్లో బెంచీ మీద కూర్చున్నా నా ధ్యాస ఆళ్లగడ్డలోనే. చక్కెర వచ్చిందా, పప్పు తూకం చూశారా అని గంటకోసారి ఫోను. ఒకనాడు బావ చెయ్యి చాపాడు.

"ఫోను ఇట్లియ్యి. రమ చూసుకుంటాంది గదా. మధ్యలో నీదేంది?"

"ఊరికే కూర్చుంటే పొద్దు పోదు బావా."

"దానంతట అదే పోతాది. నువ్వు తొయ్యాల్సిన పన్లే."

ఆ మాటకు కోపం వచ్చింది. కానీ ఫోను ఆయన జేబులోకి పోయింది. చేసేదేమీ లేక చెరువు వైపు చూశాను. నీటికాకి ఒకటి రాయి మీద నిలబడి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటోంది. ఎంతసేపు చూశానో తెలియదు. బావ "పోదామా" అన్నప్పుడు, ఇంకాసేపు ఉందామన్నది నేనే.

అప్పటి నుంచి ఆ రోజులు నచ్చసాగాయి. పొద్దున నీళ్ల మీద పలచగా మంచు. గుండ్రటి పుట్టి పడవలో ఇద్దరు వల వేసుకుంటూ పోయేవారు. మధ్యాహ్నం వసారాలో మంచం మీద పడుకుంటే చెరువు మీది గాలి వచ్చేది. అక్క ఉడకబెట్టిన బుడ్డలు, అదే వేరుశనగ కాయలు, ఒలిచి పెట్టేది. నల్లమల సీతాఫలాలు వచ్చే కాలం. పెదాలు సరిగ్గా కదలక గింజలు ఊయలేకపోయేవాణ్ని. అక్క ఒక్కో గింజా తీసి గుజ్జు గిన్నెలో ఇచ్చేది. ఒకరోజు తనే మరిచిపోయి వదిలేసిన గింజను నేను "తుప్" మని ఊశాను. అది ఎగిరి బావ పంచె మీద పడింది.

"ఊసినాడే! మూతి బాగైందే వీనికి!" అని అక్క ఏడుస్తూ నవ్వింది. బావ పంచె దులుపుకుని, "ఇంగ చాలు, బాగైతాండావ్" అన్నాడు.

కార్తీకంలో ఒక ఆదివారం రమ వచ్చింది. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

"నేను లేక అంగడి దెబ్బతినిందా?" అని అడిగాను.

"ఏం తినలే. బాగానే నడుస్తాంది."

ముఖం చిన్నబుచ్చుకున్నాను. ఆమె అది చూసింది.

"ఐసీయూ బయట కూర్చున్నప్పుడే నా భయమంతా అయిపాయె. అంగడికి ఇంగేం భయపడతా? మీరు లేచి తిరగండి, సాలు."

ఆమె వంగి నా చెప్పులు విప్పి, పాదాలను తడి గడ్డి మీద పెట్టింది.

"తెలుస్తాందా?"

మడమల దగ్గర చల్లగా తగిలింది. చాలా కాలానికి మొదటిసారి.

"తెలుస్తాంది" అన్నాను. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం ఏ పనీ లేకుండా అంతసేపు పక్కపక్కన కూర్చున్నది అదే మొదలు. చీకటి పడబోతుండగా అక్క పిలిచేదాకా లేవలేదు.

ఇప్పుడు ఏడాది దాటింది. వాకర్ వదిలేశాను. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటాను. కాలి వేళ్లలో తిమ్మిరి ఇంకా ఉంది, ఉండిపోవచ్చని డాక్టర్ చెప్పారు. పొద్దున అంగడి నాది, మధ్యాహ్నం నుంచి రమది. ఈ ఏడు కూడా వానలు వెళ్లాక కొన్నాళ్లు అక్క ఇంట్లో గడిపి వచ్చాం. జబ్బు కోసం కాదు, మాకు ఇష్టమై.

ఇలాంటి జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే. ఒంట్లో బాగున్నట్టు అనిపించిన రోజునే జాగ్రత్తగా ఉండండి. ఆ రోజే ఎక్కువ చేసేస్తాం. ఇంకా నడవగలను అనిపిస్తున్నప్పుడే ఆగి కూర్చోండి.