విస్తర్లలో ఎముకలు ఏరిన పెద్దవ్వ

మా పెద్దవ్వ పోయిందన్న కబురు, ఆమెను మట్టిలో పెట్టి వచ్చాక గానీ నాకు చేరలేదు. ధర్మపురి పక్క పల్లె నుంచి గోదావరి దాటి నేనుండే మంచిర్యాలకు వచ్చి చెప్పే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ దొరకలేదట. దినాల భోజనానికి రమ్మని మాత్రం వేళకు మనిషిని పంపారు. వెళ్ళాను, చూశాను, వచ్చాను. కడుపులో మంట ఇంకా ఆరలేదు. ఆరకముందే రాస్తున్నాను. చల్లబడ్డాక నేను కూడా అందరిలాగే “మంచి మనిషి, పుణ్యాత్మురాలు” అని రాసి ఊరుకుంటానేమోనని నా భయం.

పెద్దవ్వ అంటే మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, అక్క. పిల్లలు కలగలేదు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు ఆమె పెనిమిటి, మా పెద్దబాపు, జ్వరంతో పోయాడు. అప్పటికి ఆమెకు మిగిలినవి ఊరి చివర ఒక గుడిసె, చిన్న మేకల మంద, ఎర్రోడు అనే కుక్క. ఆమె మరిదిని నేను చిన్నబాపు అని పిలుస్తాను. మేకలను తన మందలో కలిపేసి తన ఇంట్లో ఉండమని అతను ఎన్నోసార్లు కబురు పెట్టాడు. పిలుపు తియ్యగానే ఉండేది. కానీ ఆ ఇంట్లో ఏటేటా పురుడు, ఎప్పుడూ ఇంటినిండా జనం, చాకిరీకి ఒక మనిషి కావాలి. పెద్దవ్వకు ఆ సంగతి తెలియక కాదు. “ఎర్రోడు ఉన్నన్ని రోజులు నా మేకలు నాయి, నా పొయ్యి నాది” అనేది. అడవి అంచున ఊరు, తోడేళ్ళ భయం. కుక్క లేని మంద అక్కడ నిలవదు.

నా పెళ్ళికి ముందు చాలా రోజులు నేను ఆమె దగ్గరే పెరిగాను. ఊళ్ళో పదిళ్ళవాళ్ళు కలిసి మేకను కోసి పోగులు వేసుకునే రోజున అందరూ మెత్తటి మాంసం కోసం పోటీపడితే, ఆమె మోకాలి దగ్గరి లావుపాటి ఎముకను అడిగి వేయించుకునేది. మంచి ముక్కలు నాకు, ఎముక కుక్కకు, పులుసు ఆమెకు. ఆ ఎముకను పచ్చిగానే ఇచ్చేది. దానికి ముందు జొన్నరవ్వ ఉడికించిన గట్కలో మజ్జిగ పోసి ఎర్రోడి కడుపు నింపేది. ఆకలి మీదున్న కుక్క కొరకదు, మింగుతుంది అనేది. వాడు ఎముకను ముందరికాళ్ళ మధ్య పెట్టుకుని గీకుతుంటే పక్కనే తాడు పేనుతూ కూర్చునేది. నోట్లో పట్టేంత చిన్నదైందా, రొట్టెముక్క అవతలికి విసిరి, వాడు అటు పోగానే ఎముక తీసి గుంతలో పూడ్చేది. గుంజుకుంటే కరవడా మరి, అది వాడి కష్టార్జితం అని నవ్వేది.

కూరలో ఉడికిన ఎముకను మాత్రం గుడిసె దరిదాపులకు రానిచ్చేది కాదు. కోడిదైతే మరీను. పెద్దబాపు ఉన్నప్పుడు పెంచిన కుక్క ఏదో పెళ్ళిలో ఉడికిన ఎముకలు తిని, పేగు తెగి చచ్చిందట. “పచ్చి బొక్క అరుగుతది. ఉడికిన బొక్క పటుక్కున ఇరుగుతది, సూదులైతది” అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేది. వినేవాళ్ళకు విసుగు. మనుషులకు దొరకని, మూలుగుండే నల్లిబొక్కలు కుక్కకు పెడుతుందని, పచ్చి మాంసం మరిగిన కుక్క రేపు మేకల్నే పీక్కుతింటుందని చాటున అనుకునేవాళ్ళు. ఎర్రోడు ఏ మేకనూ ముట్టలేదు. ఆ మాటలు చెవిన పడ్డప్పుడు పెద్దవ్వ నాతో, “కుక్కకు పెట్టుడంటే మనకు పనికిరానిది పారేసుడు గాదు బిడ్డా” అంది.

నా పెళ్ళయిన ఏడు చిన్నబాపు కొడుక్కి పుట్టువెంట్రుకలు తీసి దావత్ చేశారు. వంటంతా పెద్దవ్వ మీదే పడింది. విస్తర్ల దగ్గరికి రాకుండా ఎర్రోడిని గుడిసె ముందు గుంజకు కట్టేసి వచ్చింది. వాడికి ఏమీ వేయొద్దని అందరి ముందూ చిన్నబాపుకు చెప్పడం నేను విన్నాను. బంతులు లేచాక అతను పెరట్లోకి వచ్చి, గోడకు ఆనుకుని నవ్వాడు.

“వదినె, నీ ఎర్రోనికి గూడ దావత్ ఇచ్చిన. గంపెడు బొక్కలు. పాపం, గంతగనం ఉపాసం పెడ్తవేందే?”

పెద్దవ్వ గరిటె అక్కడే పడేసి పరుగెత్తింది. వెనకాలే నేను. మేం చేరేసరికి గంప ఖాళీ. వాడు మమ్మల్ని చూసి తోక ఊపాడు. ముద్దలో చుట్టుకునైనా ఆ ముక్కలు బయటపడతాయన్న ఆశతో నెయ్యి కలిపిన గట్క తినిపించింది. మరునాటికి వాడు ముద్ద ముట్టలేదు. నెత్తురు పడింది. వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఆమె కూర్చుంది. ఆ ఒళ్ళోనే పోయాడు.

తెలియక వేశాడని మా అవ్వ అంటుంది. తెలిసే వేశాడని నేనంటాను, ఇప్పటికీ అంటాను. పెద్దవ్వ దగ్గర ఆ మాట ఎత్తితే, “తెల్వక ఏసినా సచ్చిండు, తెలిసి ఏసినా సచ్చిండు. ఊకో” అంది. మరిదిని పల్లెత్తు మాట అనలేదు. అందుకు ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది.

కుక్కపిల్లను తెచ్చింది. అది పెరిగి తోడేలుకు ఎదురు నిలబడాలంటే ఏడాదైనా కావాలి, తోడేళ్ళు అంతవరకు ఆగుతాయా? వానాకాలం దాటకముందే మంద సగమైంది, కుక్కపిల్లా పోయింది. మిగిలిన మేకలను తోలుకుని, మూట నెత్తిన పెట్టుకుని చిన్నబాపు వాకిట్లోకి నడిచింది. ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందా వదినె అన్నాడట. ఎంతో ఆప్యాయంగా అన్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

ఆ వాకిట్లోనే ముసలిదైంది. ఆమె మేకలు ఆ మందలో కలిసిపోయాయి. పేడ, కల్లాపి, అంట్లు ఆమెవి. దావత్ జరిగితే ఎంగిలి విస్తర్లు ఎత్తడమూ ఆమె పనే. ఆ మోదుగాకు విస్తర్లను నేరుగా పెంటకుప్ప మీద పారేసేది కాదు. ఒక్కొక్కటీ విప్పి, ఎముకలు ఏరి తట్టలో వేసుకునేది. పెరటి వెనక గుంత తవ్వి పూడ్చి, పైన రాయి పెట్టేది. పెంటకుప్ప మీదికి వచ్చేవి వీధి కుక్కలు, ఆమెకేమీ కావు.

ఇంట్లోవాళ్ళు ఏమనుకున్నారో చెబితే మీరు నమ్మరు. ముసలామెకు బొక్కల మీద ఆశ, చాటుకు తీసుకుపోయి చీకుతుంది అనుకున్నారు. కోడళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. పిల్లలు బొక్కలవ్వ అని పిలిచేవాళ్ళు. ఒకసారి నేను పోట్లాటకు లేస్తే, ఎంగిలి చేత్తోనే నన్ను పట్టుకుని ఆపింది.

“జర ఊకో బిడ్డా. ఆశ అనుకుంటే అనుకోనీ. కుక్కలకైతే తప్పింది గద.”

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. ఆ ఊకోవడం ఒక్కటి నాకు అబ్బలేదు.

మొన్న దినాల నాడు మేకపోతును కోశారు. కల్లు కుండలు దిగాయి. చిన్నబాపు బంతి మధ్యలో నిలబడి, వదినెను తల్లిలాగా చూసుకున్నానని, కడదాకా కడుపునిండా పెట్టానని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ తలలూపారు. నాకు ఆగలేదు.

“చిన్నబాపూ, ఆమె నీ బువ్వ తినలే. నీ ఎంగిలిస్తర్లు ఎత్తింది” అన్నాను.

 పోయినోళ్ళ పేరు మీద పంచాయితీ ఎందుకు, తినండి తినండి అన్నాడు ఒక పెద్దమనిషి. మళ్ళీ తినసాగారు. అప్పుడు గోడ అవతల నుంచి చప్పుడు వినిపించింది. మొదటి బంతి విస్తర్లను ఎవరో అట్లాగే తీసుకుపోయి పెంటకుప్ప మీద కుమ్మరించారు. పటుక్ పటుక్‌మని ఉడికిన ఎముకలు విరుగుతున్నాయి. అందరికీ వినబడుతూనే ఉంది. ఒక్కరూ లేవలేదు.

నేను విస్తరి ముందు నుంచి లేచి, చేతికందిన తట్ట పట్టుకుని పరుగెత్తాను. ఊళ్ళోని కుక్కలన్నీ అక్కడే ఉన్నాయి. దగ్గరికి పోతే గుర్రుమన్నాయి. పెద్దవ్వ వస్తే పక్కకు జరిగేవి. నేనెవరో వాటికేం తెలుసు? మట్టిబెడ్డ తీసి విసిరాను. అంతే, దొరికిన ఎముకను దొరికినట్టు నోట కరుచుకుని ఒక్కొక్కటీ ఒక్కో సందులోకి పరుగుతీసింది. నేను ఖాళీ తట్టతో ఆ కుప్ప మీద నిలబడిపోయాను. ఏ సందు వైపు చెవి పెట్టినా అదే చప్పుడు.