కాజాల కోడలి కోటు

ఆ కుట్టుగదిలో రెండు మిషన్లు, ఒక బల్ల, ఒకే ఒక్క కత్తెర ఉండేవి. మిషన్లు ఎవరైనా తొక్కవచ్చు. కత్తెర మాత్రం అత్తగారి నడుముకు వేలాడేది. గుడ్డ కొయ్యడమంటే ఆవిడే కొయ్యాలి. కోడలు కాజాలు కుట్టాలి, అంచులు మడవాలి. పిల్లలు పుట్టి బడికి వెళ్తున్నా ఆవిడ కత్తెర దించలేదు, ఈమె పీట మారలేదు. వీధి వీధంతా ఆమెను కాజాల కోడలనే పిలిచేది. పైకి నవ్వేది గాని, లోపల ఒళ్లు మండిపోయేది. ఒక్కసారి తన చేత్తో గుడ్డ మీద ఆ కత్తెర ఆడించాలి. ఆమె కోరికల్లా అదే.

ఒకనాడు మిషను కాలు కింద ఎత్తుకు పెట్టిన కట్ట జారింది. సర్దబోతే అవి పాత కుట్టుపని పత్రికలు. వాటిలోని భాష ఆమెకు రాదు. బొమ్మలు చూడ్డానికి భాషెందుకు? కుచ్చుల గౌన్లు, ఇంతింత కాలర్ల కోట్లు చూసి కోడలికి మతిపోయింది. బడి చొక్కాలు, దిండు గలీబులు తప్ప లోకంలో ఇన్ని కుట్టవచ్చని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు మరి. కాలు కింద ఇటుకముక్క పెట్టి, పత్రికలను పిండి డబ్బా వెనక దాచేసింది. ఇటుక ఒక పిసరు పొట్టిది. మిషను కుంటడం మొదలుపెట్టింది. అత్తగారు నేలను తిట్టింది.

ఒక పత్రిక మధ్యలో దుప్పటంత కాగితం మడతపెట్టి ఉంది. నానారకాల బట్టల కొలతగీతలన్నీ ఒకదానిమీద ఒకటి గీసేసి, దారి తప్పిన చీమలబారుల్లా ఉన్నాయి. అయితే కోటు గీత మీద ఎవరో పుణ్యాత్ములు ముందే పెన్సిలుతో దిద్దిపెట్టారు. కోడలు గుడ్డిగా ఆ పెన్సిలునే నమ్ముకుంది. అది మోచేతి దగ్గర మెల్లగా పక్కనున్న పసిపిల్ల గౌను చేతిలోకి దూరిపోయిన సంగతి గమనించలేదు.

గుడ్డకు వెనకగది తెర దించింది. కత్తెర లేదు గనక మొగుడి గడ్డం బ్లేడుతో కోసింది. ఆ వారమంతా ఆయన మాసిన గడ్డంతోనే పనికి వెళ్లాడు. అడిగితే హుందాగా ఉందని చెప్పింది. కోటు అత్తగారి కొలతకే. చలికి భుజాలు లాగుతున్నాయని ఆవిడ మూలుగుతుంటే జాలేసింది. కోటు నచ్చితే కత్తెర ఇస్తుందన్న ఆశ కూడా లేకపోలేదు. చేతులు కింద మరీ సన్నగా ఉన్నాయేమిటా అనిపించింది గాని, ఫ్యాషనై ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

అత్తగారు తెరను గుర్తుపట్టింది. కానీ ఆ కాలరు చూశాక తిట్టడానికి నోరు రాక తొడుక్కుంది. భుజాలు అమరాయి, వీపు అమరింది. చేతులు మాత్రం మోచేతుల దాకా వెళ్లి ఇరుక్కున్నాయి. ముందుకు రావు, వెనక్కి పోవు. ఆవిడ దండెం మీద ఆరేసిన చొక్కాలా నిలబడిపోయింది. కోడలికి తల కొట్టేసినట్టయింది.

అత్తగారు ఆ ఇరుకు చేతులకేసి చూసి చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నవ్విన కొద్దీ కోటు ఇంకాస్త బిగుసుకుంది.

"ఆ పెన్సిలు గీత నాదేనే," అంది ఊపిరి తిప్పుకుని. "కొత్తలో నేనూ ఇలాంటి కోటే కుట్టి మా అత్తకి తొడిగాను. ఆవిడ వీధంతా చెప్పుకుని నవ్వింది. ఆ సిగ్గుతోనే ఈ పుస్తకాలన్నీ మిషను కింద పెట్టేశాను. మళ్లీ కొత్తది కొయ్యాలంటే భయం."

తర్వాత గడ్డంతో నడుము వైపు చూపించింది. "కత్తెర తియ్యి. కోసెయ్యి."

కోడలు ఆవిడ నడుము నుంచి కత్తెర తీసింది. ఇన్నేళ్ల కోరిక ఇలా తీరుతుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. చర్మానికి తగలకుండా, మోచేతి నుంచి కిందికి నిదానంగా కోసింది.

చేతులు విడిపించుకున్న అత్తగారు కత్తెర అందుకోబోయి ఆగింది.

"నా తప్పు నువ్వు కుట్టేశావు. ఇకమీదట నీ తప్పులు నువ్వు కోసుకో."

అలా అని, కళ్లజోడు సర్దుకుని, వెళ్లి కాజాల పీట మీద కూర్చుంది.