సోమయ్య మొదటి సగం

ఆ అట్టపెట్టె తెరిస్తే మైదా జిగురూ పాత కాగితమూ కలిసిన వాసన ఇప్పటికీ వస్తుంది. అందులో ఉన్నది సగం పుస్తకం: తొంభై ఆరు పేజీలు, ముందు అట్ట ఉంది, వెనకది లేదు.

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజులవి. నాకు పదేళ్లు. తలసీమియా వల్ల మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. ఎల్‌బీ నగర్‌లో ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు అమ్మ సంచిలో నాలుగు వస్తువులుండేవి: ఫైలు, దుప్పటి, పెరుగన్నం డబ్బా, దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో కిరాయికి తెచ్చిన నవల. ఆసుపత్రిలో పక్క మంచం పెద్ద అంబర్‌పేట్ మంజులక్కది. నాకన్నా మూడేళ్లు పెద్ద. వారపత్రికల సీరియల్ పేజీలను దారంతో కుట్టిన ఆ పుస్తకాన్ని కుట్టు విప్పి, చెరో సగం ఇంటికి తీసుకెళ్లి, మళ్లీ రక్తం రోజున మార్చుకునేవాళ్లం. రెండూ చదివాక అమ్మ దబ్బనంతో కుట్టి తిరిగిచ్చేది. అక్క ఎప్పుడూ రెండో సగమే ముందు తీసుకునేది.

"నాకు ఆఖరు ముందే తెల్వాలె తమ్మీ. తెలిస్తే పరేషాన్ ఉండది."

ఆ ఏడాది మాకు ఒక సీరియల్‌లో గజ ఈతగాడు సోమయ్య దొరికాడు. మునిగిన పడవల్లో మనుషులను వెతుకుతూ, నీళ్ల కింద ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెట్టేవాడు. సూది గుచ్చేటప్పుడు మేమూ అలాగే లెక్కపెట్టేవాళ్లం. ఇంటికొచ్చినవాళ్లంతా నన్ను చూసి గొంతు తగ్గించేవారు. సోమయ్యకు మాత్రం నా జబ్బు సంగతి తెలియదు.

నా సగం, సోమయ్య కాలు తాడులో చిక్కుకుని, లెక్క అరవై మూడుకు చేరిన చోట అయిపోయింది.

మార్చుకోవాల్సిన రోజు బంద్. నాన్న నన్ను స్కూటర్ మీద సందుల్లోంచి తీసుకెళ్లారు. బస్సుల్లేక అక్క రాలేదు. సాయంత్రం అమ్మ ఫోన్‌లో అక్కను అడిగాను, సోమయ్య బతికాడా అని.

"చెప్తే నువ్వు చదువవు. ఒచ్చినప్పుడు ఇస్తగా. అప్పటిదాక ఊపిరి పట్టుకో."

మూడు వారాల తర్వాత ఆ మంచం మీద వేరే పాప ఉంది.

"వాళ్లు హాస్పిటల్ మార్చుకున్నారంట నాన్నా," అంది అమ్మ.

నమ్మాను. కానీ పేజీ చిరిగితేనే వీపు విమానం మోత మోగించే అమ్మ, పుస్తకం పోయిందని దుకాణంలో తనే చెప్పుకుని, నా సగాన్ని జాగ్రత్తగా బీరువాలో దాచింది. అక్క ఇక లేదని అప్పుడు అర్థమైంది. అక్క గుండె అప్పటికే అలిసిపోయిందనీ, రక్తం అందని ఆ ఒక్క బంద్ రోజు వల్ల కాదనీ పెద్దయ్యాక డాక్టరు చెప్పారు.

దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మిగతా సీరియల్ కోసం నేనెక్కడా వెతకలేదు. మొన్న కూడా రక్తం ఎక్కించుకున్నాను. నర్సు సూది పెట్టి వెళ్లిపోయాక కూడా లెక్క ఆపలేదు. అరవై మూడు దగ్గర ఊపిరి వదిలేశాను. ఆ పైన లెక్క అక్క దగ్గరే ఉండిపోయింది.